ఎదురుపోగు

కుక్కరు మూడో కూత వేస్తుండగా ఫోను మోగింది. సింధూజ రెండు చేతులకూ శనగపిండి. వినీత్ ఫోనెత్తి ఆమె చెవికి ఆనించి పట్టుకున్నాడు. స్పీకరు నొక్కితే సరిపోయేది. కానీ పెళ్లయి ఇరవై రెండు రోజులే అయింది. ఇద్దరూ ఇలాంటి పనులకు సాకులు వెతుక్కునే రోజులు.

"సింధూజా, కూర్చున్నావా, నిలబడ్డావా?" అవతల డాక్టర్ ఖమర్ సుల్తానా. సింధూజ పనిచేసే బండగొండ గొర్రెల పరిశోధన కేంద్రానికి ఆవిడే పెద్ద. ఆవిడ నవ్వగా సింధూజ రెండేళ్లలో ఒక్కసారే విన్నది, అదీ తుమ్మేమో అనుకుంది.

"నిలబడే ఉన్నా మేడమ్. బజ్జీలు వేస్తున్నా."

"స్టవ్ ఆర్పెయ్. రిపోర్టు వచ్చింది. నూట పదమూడు గొర్రెలు, నూట పదమూడింటిలోనూ సున్నా. ఒక్కదాని నెత్తుట్లో కూడా వైరస్ జాడ లేదు. సున్నా బేటీ, సున్నా!"

ఆ తర్వాత ఫోనులో వినబడింది తుమ్ము కాదు, నవ్వే.

సింధూజ పిండి చేతులతోనే వినీత్‌ను వాటేసుకుంది. అతని నీలం చొక్కా వీపు మీద పది వేళ్లూ అచ్చుపడ్డాయి. అతను నారాయణపేటలో జూనియర్ కాలేజీ ఫిజిక్స్ లెక్చరర్. చొక్కా మార్చుకోమంటే వినలేదు. "మా ఆవిడ ఒక రోగాన్ని గెలిచిన రోజు గుర్తు ఇది" అని అదే చొక్కాతో కాలేజీకి వెళ్లాడు. పిల్లలు వెనక నవ్వుకుంటే ఇంకాస్త నిటారుగా నడిచాడట.

ఆ నూట పదమూడు గొర్రెలూ తిప్పమ్మవి. ఆ సాయంత్రం ఇద్దరూ బండి మీద ఆవిడ మంద దగ్గరికి బయల్దేరారు. జూలై వాన సన్నగా పడుతోంది. దారి పొడుగునా ఎర్రనేల మీద పచ్చటి నూగు లేచింది. వెనక కూర్చున్న సింధూజకు అతని రెయిన్‌కోటు వాసన కూడా బాగుంది.

తిప్పమ్మ గొంగడి తల మీంచి కప్పుకుని గట్టున కూర్చుని ఉంది. అరవై దాటిన మనిషి. చుట్టుపక్కల తొమ్మిది ఊళ్లలో గొర్రెలు కాచే కురుమల్లో ఆవిడ మాటకు విలువ ఎక్కువ. ఆ తొమ్మిది ఊళ్లలోనూ నాలుగేళ్లుగా ముక్కునీళ్ల రోగం తిరుగుతోంది. గొర్రె ముందు దగ్గుతుంది, తర్వాత చిక్కిపోతుంది. వెనక కాళ్లు పట్టి పైకి లేపితే ముక్కులోంచి నీళ్లు ధారగా కారతాయి. అలా కారాయంటే ఊపిరితిత్తుల్లో గడ్డలు లేచాయన్నమాట, ఇక అది బతకదు. అందుకని పొద్దున్నే మందలోంచి పది గొర్రెల కాళ్లు లేపి ముక్కులు చూడటం ప్రతి ఇంటా అలవాటైపోయింది.

"అవ్వా, గెలిచాం! అన్నిట్లోనూ సున్నా!" బండి ఆగకముందే అరిచింది సింధూజ.

"సున్న అంటె మంచిదా? బడిల సున్న వస్తె కొడ్తరు గద!" అంది తిప్పమ్మ. కానీ కళ్లు చెమర్చాయి. "ఏం జేసిన్రు బిడ్డా, నాకు తెల్సేటట్టు జెప్పు."

సింధూజ వినీత్ రెయిన్‌కోటు అంచు పట్టుకుని ఆవిడ ముందుకు లాగింది. అతను కూడా దానితోపాటే వచ్చాడు.

"ఆ వైరస్ దొంగ అవ్వా. గొర్రె ఒంట్లో దూరి ఒక చీటీ పంపుతుంది. 'నాలాంటి వాళ్లను ఇంకా తయారు చెయ్యండి' అని అందులో ఉంటుంది. ఒళ్లు అమాయకంగా ఆ చీటీ చదివి దొంగలనే తయారు చేస్తుంది. ఇదిగో, ఆ చీటీ ఈ జిప్పులో ఒక వైపు పళ్ల వరస అనుకో. మేం రెండో వైపు వరస చేసి ముక్కులోంచి పంపాం. అది వెళ్లి దీన్ని పట్టుకుంది." జిప్పును సర్రున మీదికి లాగింది. వినీత్ గడ్డం దాకా మూసుకుపోయాడు. "మూసిన జిప్పును ఎవరూ చదవలేరు."

"కొద్దిగా ఊపిరి..." అన్నాడు వినీత్.

తిప్పమ్మ ఆ జిప్పును వేళ్లతో తడిమింది. "నేతల అయితె నిలువు పోగుకు అడ్డం పోగు. ఇది అడ్డం గాదు, ఎదురువోయి పట్టుకున్నది. ఎదురుపోగు."

కేంద్రంలో ఆ మందుకు ఏఎస్-ఏడు అని పేరు. మర్నాటి నుంచి డాక్టర్ సుల్తానాతో సహా అందరూ ఎదురుపోగు అనడం మొదలుపెట్టారు.

"అయితె దొంగ పాయె గద?"

"పూర్తిగా పోదు. ఈ జాతి వైరస్‌లకు పాడు అలవాటు ఒకటుంది. దూరిన ఇంటి పుస్తకంలో తమ పేరు కూడా రాసేసుకుంటాయి. ఆ రాతను చెరపలేం. నోరు మూయించగలం, అంతే. ఒకసారి కొట్టిన మందు ఏడాదిన్నర కాపలా కాస్తుంది."

తిప్పమ్మ నడుముకున్న సంచిలోంచి నల్ల ఉన్ని తీసి, తొడ మీద పేని, రెండు కంకణాలు చేసింది. ఇద్దరి మణికట్లకూ కట్టింది. "మా పెండ్లిళ్లల్ల గిదే కట్టుకుంటం. మీ పెండ్లికి నన్ను పిలువకపోతిరి. ఇప్పుడు అయింది మీ పెండ్లి." అలా అని వినీత్ గడ్డం కింద జిప్పు దించింది. "అల్లుడా, గాలి పీల్చుకో."

ఆ ఉన్ని గరుకుగా గుచ్చుకునేది. సింధూజ స్నానం చేస్తూ కూడా తీయలేదు.

*

ఆగస్టు అంతా సంతోషమే. రెండే రెండు స్టీలు గ్లాసుల్లో కాఫీ, కొత్త చెప్పుల కిర్రు, టిఫిన్ డబ్బా మూతలో వినీత్ అతికించే చీటీలు. ఒకరోజు చీటీలో "నన్ను చదవకుండా జిప్పు వెయ్యకు" అని ఉంటే ల్యాబులో పగలబడి నవ్వింది. డాక్టర్ సుల్తానా కళ్లజోడు మీంచి చూశారు.

సెప్టెంబరు చివర్లో తిప్పమ్మ కర్ర పట్టుకుని కేంద్రానికి వచ్చింది. ఎన్నడూ గేటు దాటి లోపలికి రాని మనిషి నేరుగా ల్యాబు గుమ్మంలో నిలబడింది.

"గొర్లు నిలుస్తలేవు బిడ్డా."

"అంటే?"

"పొట్టేలు దగ్గరికి వోతున్నయ్. ఇరవై దినాలైనంక మల్ల వోతున్నయ్. కడుపు పట్టి పోతున్నది. ఒక్కటి గాదు, రెండు గాదు, అన్ని గట్లనే. నలభై ఏండ్లు సూసిన, గిట్ల సూడలే."

వానలు ఎక్కువయ్యాయనో, మేత మారిందనో డాక్టర్ సుల్తానా మెల్లగా సర్దిచెప్పబోయారు. తిప్పమ్మ తల అడ్డంగా ఊపింది. కాసేపు కర్ర చివరతో నేల మీద గీతలు గీసింది.

"ఒక్కటి నిల్చింది. చుక్కి. నొసట తెల్లసుక్క ఉంటది సూడు, గది."

సింధూజ మందిచ్చిన గొర్రెల జాబితా తెరిచింది. నుదుట తెల్లచుక్క ఉన్న గొర్రె అందులో ఎక్కడా లేదు.

"అది మా దేవుడు బీరప్పకు ఇడిసిన గొర్రె. దానికి కత్తెర తాకనియ్యం, మందు తాకనియ్యం. మీరొచ్చిన నాడు మా చెల్లె ఊర్ల కట్టేసి వచ్చిన."

"దాచావా?" సింధూజ గొంతు లేచింది. "అవ్వా, మందు పడని గొర్రె ఒక్కటున్నా రోగం మందలో ఉన్నట్టే! చెప్పాలి కదా!"

"చెప్తె ఊకుంటివా?"

సింధూజ జాబితాలోకి మళ్లీ చూసింది. మందు పడిన నూట పదమూడూ నిలవలేదు. పడని ఒక్కటీ నిలిచింది. ఆ ఆలోచన మెడ వెనక చల్లటి వేలు పెట్టినట్టుగా వచ్చింది.

అంతకు ముందు ఏడాది జరిగిన పరీక్షలో అసలు ఆడగొర్రెలే లేవు. తొమ్మిది ఊళ్లూ కలిసి నలభై పొట్టేళ్లను ఇచ్చాయి. ఆడవి కూడా కావాలని అడిగితే తిప్పమ్మే చెప్పింది: "ఆడగొర్రె మందకు కడుపు. కడుపును ఎవడన్న బయటికిస్తడా?" కురుమల ఇళ్లలో ఆడగొర్రెను పరాయి చేతికి ఇవ్వరు. సరేలే, ఊపిరితిత్తుల రోగమే కదా, ఆడదైతేనేం మగదైతేనేం అనుకున్నారు కేంద్రంలో. నలభై పొట్టేళ్లూ నిక్షేపంగా బతికాయి. అది చూశాకే తిప్పమ్మ తన మంద మొత్తాన్ని మందుకు ముందుకు తెచ్చింది. మిగతా ఎనిమిది ఊళ్లూ ఆవిడ మందలో ఏం జరుగుతుందోనని చూస్తూ ఉన్నాయి.

ఆ మధ్యాహ్నం సింధూజ టిఫిన్ డబ్బా తెరవలేదు. రెండేళ్ల కిందట ఎదురుపోగు కోసం వైరస్ చీటీలోంచి తాను ఎంచిన ఇరవై రెండు అక్షరాలను మళ్లీ కంప్యూటరు ముందు పెట్టింది. ఇవి గొర్రె సొంత రాతల్లో ఎక్కడైనా ఉన్నాయా అని అప్పుడూ వెతికింది. ఎక్కడా లేవు అని వచ్చింది. తెర మీద ఆ ప్రశ్న పక్కనే ఒక చిన్న గడి. 'పాత శిథిలాలను వదిలేయాలా?' అందులో టిక్కు పెట్టింది తనే. అందరూ పెట్టేదే. గొర్రె రాతల నిండా ఎప్పటివో చచ్చిన వైరస్‌ల ముక్కలు పడి ఉంటాయి, వాటితో పనేముంది అని.

ఇప్పుడు ఆ టిక్కు తీసేసి మళ్లీ వెతకమంది.

తెర మీద వరసలు దిగడం మొదలైంది. ఒకటి. నాలుగు. పదకొండు. ఇరవై ఏడు చోట్ల ఆగింది. ఇరవై రెండు అక్షరాలకు ఇరవై రెండూ, ఒక్కటీ తేడా లేకుండా.

డాక్టర్ సుల్తానా వెనక వచ్చి నిలబడ్డారు. తర్వాత ఆవిడ వంగి, ఆ ఇరవై ఏడూ గొర్రె ఒంట్లో ఎక్కడ పనిచేస్తున్నాయో చూపే బొమ్మను తెరిచారు. ఊపిరితిత్తులు చీకటిగా ఉన్నాయి. గుండె, కాలేయం చీకటి. గర్భసంచి ఒక్కటే దీపాల వరసలా వెలుగుతోంది.

"యా అల్లా" అన్నారు ఆవిడ, ప్రార్థనలో అన్నట్టుగా.

*

ఆదివారం మధ్యాహ్నం వంటింటి నేల మీద ఇద్దరూ సీతాఫలాలు తింటూ కూర్చున్నారు. వినీత్ గింజలను పళ్లెం అంచున వరసగా పేర్చుతున్నాడు. సింధూజ చేతిలో పండు సగం ఒలిచి ఉండిపోయింది.

"అది చచ్చిన వైరస్ కాదు వినీత్. ఎన్నో లక్షల ఏళ్ల కిందట, ఇంకా గొర్రెలు ఈ రూపానికి రాకముందు, ఈ జబ్బు వైరస్ చుట్టమే ఒకటి వాటిలో దూరింది. తన పేరు రాసుకుంది. తల్లి నుంచి పిల్లకు, పిల్ల నుంచి దాని పిల్లకు ఆ రాత దిగుతూ వచ్చింది. ఎప్పుడో ఒకప్పుడు రోగం కలిగించడం మానేసింది. కడుపులో పిండం అంటుకోవాలంటే ఇప్పుడు అదే కావాలి. అది పంపే చీటీ చదివితేనే తల్లి ఒళ్లు పిల్లను పట్టుకుంటుంది."

"మీ ఎదురుపోగు ఆ చీటీని కూడా మూసేసింది."

"నేను మూసేశాను. ఇద్దరికీ ఒకే జిప్పు."

అతను ఆమె వేళ్లకు అంటిన గుజ్జు తన తువ్వాలుతో తుడిచాడు.

"ఇంకోటి చెప్పనా? మనలోనూ ఉంది" అంది ఆమె. గొంతు దానంతటదే తగ్గింది. "గొర్రెలది కాదు, వేరేది. కొన్ని కోట్ల ఏళ్ల కిందటిది. తల్లికీ బిడ్డకీ మధ్య ఉండే మావి ఉంది చూడు, దాని పొర అల్లడానికి ఆ పాత వైరస్ నేర్పిన విద్యే వాడుకుంటాం. ఈ భూమ్మీద పుట్టిన ప్రతి మనిషీ, మా అమ్మ, మీ అమ్మ, తిప్పమ్మ, సుల్తానా మేడమ్, అందరమూ ఆ వైరస్ చేతుల్లోంచి వచ్చినవాళ్లమే."

వినీత్ చేతిలోని గింజను చాలాసేపు చూశాడు. "అంటే మా అమ్మ నన్ను మోసింది ఒక వైరస్ సాయంతోనా?"

"అత్తయ్యకు చెప్పకు!"

"చెప్పాల్సిందే. తొమ్మిది నెలలూ వాంతులేనని ఇప్పటికీ నన్నే అంటుంది. ఎవరి వల్లో ఇవాళ తెలిసింది."

సింధూజకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. మణికట్టు మీది నల్ల ఉన్నిని అటూ ఇటూ తిప్పింది. తర్వాత లేచి ముఖం కడుక్కుంది. "పద. తిప్పవ్వకు నేనే చెప్పాలి."

*

తిప్పమ్మ అంతా విన్నది. విన్నాక సింధూజ వైపు చూడటం మానేసింది.

"అల్లుడా" అంది వినీత్‌తో, "నీ పెండ్లానికి జెప్పు. మందల ఏడు ముసలియి ఉన్నయ్. వాటికి గిదే ఆఖరి ఈత. వచ్చే ఏడాదికి అయ్యి ఉండయ్. వాటి పిల్లలను సూసుకునేది ఉండె నాకు."

"వింటోంది అవ్వా" అన్నాడు వినీత్ మెల్లగా.

"ఇననీ."

సింధూజ అక్కడే గట్టు మీద కూర్చుండిపోయింది. మంద మేస్తూ దూరంగా పోయింది. తిప్పమ్మ దాని వెనకే నాలుగు అడుగులు వేసి ఆగింది.

"గా పాత దొంగ కడుపుల కాపలా ఉన్నదంటివి, నిజమేనా?"

"నిజం అవ్వా."

"వచ్చినప్పుడు దొంగ లెక్కనే వచ్చింది. ఉండంగ ఉండంగ ఇంటిదైపోయింది." ఆవిడ తన పొట్ట మీద అరచెయ్యి పెట్టుకుంది, తెలియకుండానే. "ఐదుగుర్ని కన్న. ఎవరో లోపల దీపం వట్టుకొని కూసున్నరని నాకేం తెల్సు."

ఆ మాటలు మాత్రం సింధూజతోనే అంది.

తర్వాతి మూడు వారాలూ ల్యాబులో అందరికీ ఒకటే పని. ఇప్పుడు ఊళ్ల మీద తిరుగుతున్న వైరస్ చీటీకి, కడుపులోని పాత చీటీకి చాలామటుకు తేడా లేదు. కానీ కొత్తదానికి తోక చివర ఒక చిన్న ముక్క ఎక్కువ ఉంది. ఊపిరితిత్తుల్లో గడ్డలు లేపేది ఆ ముక్కే. పాతదానికి అది లేదు. సింధూజ ఈసారి ఏ గడిలోనూ టిక్కు పెట్టకుండా, ఆ తోకను మాత్రమే పట్టే పద్దెనిమిది అక్షరాలను ఏరింది. యంత్రం నాలుగు రోజుల్లో కొత్త ఎదురుపోగును చేసి ఇచ్చింది. గాజు పళ్లాల్లో అది కొత్త చీటీని మూసేసింది, పాత చీటీ జోలికి పోలేదు.

పళ్లెంలో నిలిచింది కడుపులో నిలుస్తుందా? చూలు కట్టిన గొర్రె మీద చూస్తే తప్ప తెలియదు. తిప్పమ్మ మందలో మిగతావన్నీ పాత మందుతోనే ఉన్నాయి, ఏడాది దాకా పనికిరావు. వేరే ఊళ్ల వాళ్లు ఇవ్వరు.

"తిప్పమ్మను అడగనా?" అంది సింధూజ.

"వద్దు" అన్నారు డాక్టర్ సుల్తానా. "ఆమె పిల్చి ఇస్తే తీసుకుందాం. అడిగే మొఖం మనకు లేదు."

పిలుపు అక్టోబరు చివరి వారంలో వచ్చింది. తిప్పమ్మ ఫోను ఎత్తడమే తప్ప చేసేది కాదు. ఆ రోజు తనే చేసింది. "అల్లుణ్ని తోలుకొని రా. చుక్కి దగ్గుతున్నది."

వాళ్లు వెళ్లేసరికి చుక్కి నీడలో పడుకుని ఉంది. మూడు నెలల చూలుతో పొట్ట రెండు వైపులా నిండుగా ఉంది. కత్తెర తాకని ఉన్ని నేలకు జీరాడుతోంది.

"మెల్లగ లేపు అల్లుడా. జానెడే. కడుపుతోటున్నది."

వినీత్ మోకాళ్ల మీద కూర్చుని చుక్కి వెనక కాళ్లను పసిపాపను ఎత్తినట్టు లేపాడు. ముగ్గురూ దాని ముక్కు వైపే చూశారు. ముందు ఏమీ లేదు. తర్వాత ఒక చుక్క. ఇంకో చుక్క. నేల మీద చిన్న తడి మచ్చ పడింది.

తిప్పమ్మ కొంగుతో దాని ముక్కు తుడిచింది. "జెప్పు బిడ్డా. అబద్ధం వద్దు."

"ఇప్పుడే మొదలైంది అవ్వా. మందు పడకపోతే ఈనేదాకా బతుకుతుందని చెప్పలేను. పాత మందు కొడితే రోగం ఆగుతుంది, కడుపు పోతుంది. కొత్తది..." సింధూజ చుక్కి పొట్ట వైపు చూసింది. "కొత్తది తోకనే పట్టాలి. కడుపులో దీపాన్ని ముట్టుకోకూడదు. నేను లెక్కపెట్టినంత వరకూ ముట్టుకోదు. కానీ ఇంతవరకు చూలు కట్టిన గొర్రెకు దేనికీ ఇవ్వలేదు. తప్పకుండా పనిచేస్తుందని మాటివ్వలేను. నాకు తెలీదు."

తిప్పమ్మ ఆమె ముఖంలోకి చూసింది.

"పోయినసారి అన్ని తెల్సని జెప్పితివి. ఇప్పుడు తెల్వదంటున్నవు." ఆవిడ సింధూజ మణికట్టు పట్టుకుని, వదులైపోయిన ఉన్ని కంకణానికి మరో ముడి వేసింది. "ఇప్పుడు నమ్ముతున్న."

చుక్కి తల ఎత్తి ముగ్గుర్నీ చూసి, మళ్లీ నెమరు వేయడం మొదలుపెట్టింది. దాని లోపల ఒక పిల్ల. ఆ పిల్లను పట్టుకుని, కన్ను తెరిచి కూర్చున్న, ఏ లెక్కకూ అందనంత పాతదైన ఆ కాపలాదారు. సింధూజ దాని పొట్ట మీద చెయ్యి వేసింది. వెచ్చగా ఉంది. లోపల ఏదో చిన్నగా తన్నింది. ఆమె ఊపిరి బిగబట్టి వినీత్ చెయ్యి కూడా లాగి అక్కడ పెట్టింది.

"దేవుని గొర్రెకు మందంటే బీరప్పను అడగాలె" అంది తిప్పమ్మ. "రేపు పొద్దుగాల ఏడింటికి గుడి కాడికి రాండ్రి. మీ పెద్ద మేడంను గూడ దీస్కరా. ఎనిమిది ఊళ్లోళ్లకు నేను కబురు వెడ్త, వచ్చి సూస్తరు. చుక్కి వీపు మీద నీళ్లు జల్లుత. అది ఒళ్లు విదిలిస్తె దేవుడు సరే అన్నట్టు. అప్పుడు నీ మందు దాని ముక్కుల కొట్టు."

"ఒకవేళ విదిలించకపోతే అవ్వా?"

తిప్పమ్మ ముఖం ముడతలన్నీ ఒక్కసారి కదిలాయి. నెల రోజుల తర్వాత ఆవిడ నవ్వడం సింధూజకు కనిపించింది.

"చలి పొద్దు, బాయి నీళ్లు. విదిలియ్యక ఏం జేస్తది బిడ్డా?" అని కర్ర పట్టుకుని లేచింది. "అల్లుడా, బొక్కెన నువ్వు వట్టాలె. ఏడంటె ఏడే. కొత్త పెండ్లోళ్లమని పండుకునేరు!"